మార్గదర్శకం 3 గంటలు చేయించమంటుంది, నాకు దొరికేది 20 నిమిషాలు

పెరంబూరు_ఫిజియో
చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా న్యూరో వార్డులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు దయచేసి అడగవద్దు. పోయిన నెల పక్షవాతం వచ్చినవారి పునరావాసంపై జరిగిన రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. అక్కడ విన్నవాటిలో బొత్తిగా తెలియని సంగతులు తక్కువే అయినా, అన్నిటినీ ఒకేచోట వరుసగా వినేసరికి రోజూ చేస్తున్న పని మీద నాకే సిగ్గు కలిగింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2023 అక్టోబరులో సవరించిన మార్గదర్శకం రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు చికిత్స అందించాలంటుంది. సోమవారం డ్యూటీకి వచ్చి చూస్తే నా జాబితాలో 19 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి 20 నిమిషాలు వస్తాయి. లిఫ్టు కోసం నిలబడే సమయం, కేస్ షీటు రాసే సమయం తీసేస్తే 12 మిగులుతాయి. ఆ 12 నిమిషాల్లో కాళ్లూ చేతులూ నేనే కదిలించి, కాస్త స్ట్రెచింగ్ చేసి, కండరాలకు కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్ తగిలించి పక్క మంచానికి వెళ్లిపోతున్నాను.

మా డిపార్టుమెంటు గోడకు ఓవర్‌హెడ్ పుల్లీ ఒకటి, అంటే మంచి చేత్తో తాడు లాగి చచ్చుబడిన చేతిని పైకి లేపే కప్పీ, వేలాడుతూ ఉంటుంది. పక్షవాతం వచ్చిన భుజానికి దాన్ని వాడవద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 మార్గదర్శకం స్పష్టంగా చెప్పింది. అయినా ఓపీకి వచ్చిన ప్రతి రోగీ ముందు దాని దగ్గరికే నడుస్తాడు. తీసేద్దామంటే మా హెడ్ నవ్వి ఊరుకుంటారు.

నేను అడిగేది ఒక్కటే. మీలో ఎవరైనా ఈ మార్గదర్శకాల్లో ఒక్క వాక్యాన్నైనా వార్డులో నిజంగా అమలు చేశారా? చేసి ఉంటే దేనితో మొదలుపెట్టారు? ఇంకా చదవమని మాత్రం సలహా ఇవ్వకండి, చదవడంలో లోటు లేదు.

తరగతి_గది
చిన్న సవరణ. ఆ 3 గంటలు ఫిజియోథెరపీ ఒక్కదానికే కాదు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేది), స్పీచ్ థెరపీ అన్నీ కలిపి చెప్పిన లెక్క అది. 2013 నాటి పాత మార్గదర్శకంలో ఒక్కో చికిత్సకు 45 నిమిషాలని ఉండేది. కాబట్టి మీ ఒక్కరి నెత్తిన 3 గంటలు వేసుకోకండి.

పెరంబూరు_ఫిజియో
మా దగ్గర ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉద్యోగం రెండేళ్లుగా ఖాళీగా ఉంది. స్పీచ్ థెరపిస్టు వారానికి రెండు రోజులు వస్తారు. అన్నీ కలిపినా నేనే.

డబరా_గ్లాసు
"అన్నీ కలిపినా నేనే" అన్న మాటను ఫ్రేము కట్టించి దేశంలోని ప్రతి ఫిజియోథెరపీ డిపార్టుమెంటులో తగిలించవచ్చు. పుల్లీ తీసేసిన చోట సరిగ్గా సరిపోతుంది.

పాతకాపు
నేను ఈ వృత్తిలో 31 ఏళ్లుగా ఉన్నాను. కొంచెం చేదుగా మాట్లాడినా ఏమీ అనుకోకండి.

నేను చదువుకునే రోజుల్లో బోబాత్ పద్ధతే, అంటే థెరపిస్టు చేతులతో పట్టి బిగువు తగ్గించి సరైన కదలికను రప్పించే పద్ధతే, వేదం. బిగుసుకున్న కండరానికి బలం పెంచే వ్యాయామం ఇస్తే బిగువు ఇంకా పెరుగుతుందని మాకు పరీక్షల్లో రాయించారు, అలా రాయనివారికి మార్కులు తగ్గించారు. ఆ తరువాత అది తప్పని, బలం పెంచాలని చెప్పారు. ఎన్నో పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష 2014లో వచ్చి ఏ ఒక్క పద్ధతీ మరొకదాని కన్నా గొప్పది కాదని తేల్చింది. రోగిని మంచం దించే విషయంలోనూ ఇంతే. మొదట పడుకోబెట్టమన్నారు, తరువాత వచ్చిన రోజే లేపమన్నారు, 2015లో ఎవర్ట్ పరిశోధన వచ్చి అలా లేపితే నష్టమంది. ప్రతి పదేళ్లకూ ఒక కొత్త సువార్త వస్తుంటే, మధ్యలో ఉన్న నేను నా కళ్లతో చూసినదాన్ని నమ్ముకున్నాను. నా చేతి మీదుగా నడిచి వెళ్లినవాళ్లు వందల్లో ఉన్నారు.

గోనియోమీటర్
పాతకాపు గారూ, బోబాత్ సంగతిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఎవర్ట్ సంగతిలో ఏకీభవించలేను. ఆ పరిశోధనను మన దగ్గర చాలామంది శీర్షిక వరకే చదివి, 24 గంటలు కదిలించకూడదని అర్థం చెప్పుకున్నారు.

అందులో 5 దేశాలకు చెందిన 2104 మంది రోగులున్నారు. ఒక వర్గాన్ని త్వరగా, ఎక్కువసార్లు, ఎక్కువసేపు మంచం దించారు. రెండో వర్గానికి ఆయా ఆసుపత్రుల మామూలు పద్ధతి. మూడు నెలలకు బాగా కోలుకున్నవారు మొదటి వర్గంలో 46 శాతం, రెండో వర్గంలో 50 శాతం. అసలు గమనించాల్సింది ఇక్కడే ఉంది. ఆ మామూలు వర్గంలో కూడా 59 శాతం మందిని 24 గంటల లోపే లేపారు. రెండు వర్గాల మధ్య మొదటిసారి లేపిన సమయంలో తేడా సుమారు 4 గంటలే. అసలు తేడా మోతాదులో ఉంది. మొదటి వర్గానికి రోజుకు 31 నిమిషాలు, రెండో వర్గానికి 10 నిమిషాలు. ఆ సమాచారాన్నే మరోసారి విశ్లేషించినప్పుడు, కొద్దిసేపు చొప్పున ఎక్కువసార్లు లేపినవారికి మేలు జరిగినట్టు, ఒకేసారి ఎక్కువసేపు నిలబెట్టినవారికి జరగనట్టు కనిపించింది. కాబట్టి ఆ పరిశోధన పడుకోబెట్టమని చెప్పలేదు, తొలి రోజున అతి చేయవద్దని చెప్పింది.

పాతకాపు
కొద్దిసేపు చొప్పున ఎక్కువసార్లు లేపడం నేను 1998 నుంచి చేస్తున్నాను. రెండు వేల మందిని కూడగట్టి నా దగ్గరికే వచ్చారన్నమాట.

గోనియోమీటర్
ఆ పద్ధతి విషయంలో మీ దగ్గరికే వచ్చారు సర్. పుల్లీ విషయంలో మాత్రం రాలేదు. 1990లో 28 మందితో చేసిన చిన్న అధ్యయనం ఒకటుంది. థెరపిస్టు స్వయంగా చేయి కదిలించినవారిలో 8 శాతం మందికి, పుల్లీ వాడినవారిలో 62 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది. చిన్న అధ్యయనమే, కాదనను. కానీ కారణం అర్థమవుతూనే ఉంది కదా. భుజం కీలు జారి ఉన్నప్పుడు మంచి చేయి బలంగా తాడు లాగితే, చచ్చుబడిన చేయి స్కాపులా (భుజం వెనక రెక్క ఎముక) తిరగకుండానే పైకి లేస్తుంది. మధ్యలో మెత్తటి కండ నలుగుతుంది.

ఇంటింటి_విజిట్
అసలు ప్రశ్న పక్కదారి పడుతోంది. పెరంబూరు గారు దేనితో మొదలుపెట్టాలని అడిగారు.

నేను విల్లివాక్కం, అంబత్తూరు, కొరట్టూరు వైపు ఇళ్లకు వెళ్లి చికిత్స చేస్తాను. నా రోగుల్లో సగం మంది తెలుగువాళ్లు. మార్గదర్శకం అమలు కాకపోవడానికి మొదటి కారణం మన అజ్ఞానమో సమయమో అనుకోవడం నా మటుకు తప్పు. ఇంట్లోవాళ్ల దృష్టిలో చికిత్స అంటే కరెంటు పెట్టడం, నూనె రాసి మర్దన చేయడం. నేను మెషీన్ లేకుండా వెళ్లి ఒక పెద్దావిడతో 40 నిమిషాలు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గ్లాసు అందుకోవడం చేయించాను. ఆవిడ చెమటలు కక్కింది. బయటికి వస్తుంటే వాళ్లబ్బాయి, "అన్నీ మా అమ్మే చేసింది కదా మేడమ్, మీరేం చేశారు?" అని నిజాయితీగానే అడిగాడు. మరుసటి వారం నన్ను మానిపించి మెషీన్ తెచ్చే ఆయనను పెట్టుకున్నారు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. మొదటి రోజే ఒక గిన్నెలో 100 చింతపిక్కలు పోసి పక్కన ఖాళీ గిన్నె పెడతాను. పక్షవాతం వచ్చిన చేత్తో ఒక్కొక్కటి తీసి అటు వేయాలి. అంత పట్టు లేనివారికి పిక్కల బదులు నిమ్మకాయలు, అదీ లేకపోతే బల్ల మీద గుడ్డ పరిచి ముందుకు తోయడం. మొదటి రోజు ఎన్ని వేశారో గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాస్తాను. వారం తిరిగేసరికి ఇంట్లోవాళ్లే లెక్కపెట్టడం మొదలుపెడతారు. 9 ఉన్నచోట 31 కనబడితే "మీరేం చేశారు" అన్న ప్రశ్న మళ్లీ రాదు.

గోనియోమీటర్
తెలియకుండానే ఎంత పెద్ద విషయం చెప్పారో చూడండి మేడమ్. అమెరికా, కెనడాల్లో 2009లో పునరావాస కేంద్రాల్లో పక్కన నిలబడి కదలికలు లెక్కపెట్టిన అధ్యయనం ఒకటి ప్రచురితమైంది. చేతికి పనితో కూడిన సాధన చేయించిన సెషన్‌లో సగటున 32 సార్లు మాత్రమే చేయించారు. నడక సెషన్‌లో సగటున 357 అడుగులు వేయించారు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడు మారడానికి వందల సార్లు కావలసి వచ్చింది. అన్ని సదుపాయాలున్న చోటే 32 అయితే, మనం చేయిస్తున్నది ఎంతో మనలో ఎవరూ లెక్కపెట్టలేదు.

తెలియకుండానే_చెప్పినావిడ (ఇంటింటి_విజిట్)
తెలిసే చెప్పాను లెండి. హ్యాండిల్ ఈ ఒక్క పోస్టుకే మార్చాను.

గోనియోమీటర్
క్షమించాలి. మాట జారింది.

నాన్న_కూతురు
నేను మీ వృత్తికి చెందినదాన్ని కాదు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఈ వేదికను చదువుతున్నాను. మీ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మాది నెల్లూరు జిల్లా. అక్కడి నుంచి చెన్నై తీసుకొచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్పించాము. ఎనిమిదో రోజు డిశ్చార్జి చేశారు. వెళ్లేటప్పుడు వ్యాయామాల కాగితం ఒకటి ఇచ్చారు. అందులో 14 బొమ్మలు, వాటి కింద ఇంగ్లీషు. మా అమ్మకు తెలుగు చదవడమే కష్టం. ఒకసారి చేసి చూపించమంటే, ఓపీలో వచ్చి అపాయింట్‌మెంటు తీసుకోమన్నారు. నేను ఉద్యోగం కోసం ఇక్కడే ఉండిపోయాను, వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. ఊళ్లో చుట్టాలందరూ వైద్యులే. ఒకరు పసరు పోయించారు, ఒకరు పావురం రక్తం రాస్తే నరాలు వేడెక్కుతాయన్నారు, అదీ రాశారు. మంచం మీంచి లేపేటప్పుడు మా తమ్ముడు చంకలో చెయ్యి పెట్టి లాగేవాడు. రెండు నెలలకు భుజం తాకనివ్వనంత నొప్పి వచ్చింది. ఆ నొప్పి భయంతో మిగతా వ్యాయామాలూ మానేశారు.

చంకలో చెయ్యి పెట్టి లాగకూడదని మాకు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే చాలు కదా. మీ మార్గదర్శకంలో ఆ మాట ఉందా, లేదా?

పెరంబూరు_ఫిజియో
ఉందండీ. భుజాన్ని ఎలా ఆనించి ఉంచాలో, రోగిని ఎలా పట్టుకోవాలో ఇంట్లోవాళ్లకు నేర్పించాలనే ఉంది. మీరు చెప్పిన కాగితం లాంటిదే మా ఆసుపత్రిలోనూ ఇస్తాము. మా దాంట్లో 16 బొమ్మలు. దీనికి నేను ఏ సాకూ చెప్పలేను.

తరగతి_గది
నాన్న_కూతురు గారి అనుభవం చదివి బాధ కలిగింది. అయితే ఇంట్లోవాళ్లకు నేర్పిస్తే అన్నీ సర్దుకుంటాయన్న నిర్ణయానికి వెంటనే రాకూడదు. ఈ ప్రశ్న మీదే మన దేశంలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. దాని పేరు అటెండ్, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 14 ఆసుపత్రుల్లో 1250 మందిని తీసుకుని, సగం మంది కుటుంబ సభ్యులకు మామూలు చికిత్సకు తోడుగా పునరావాస శిక్షణ ఇచ్చారు. ఆరు నెలలకు మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడినవారు రెండు వర్గాల్లోనూ 47 శాతమే. అందరం ఎంతో ఆశతో ఎదురుచూసిన పరిశోధన అది.

ఇంటింటి_విజిట్
ఆ పరిశోధనను చూపించి ఇంట్లోవాళ్లకు నేర్పడమే దండగ అనే డాక్టర్లను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. అక్కడ అడిగింది, కుటుంబానికి శిక్షణ ఇస్తే మొత్తం మీద పరాధీనత తగ్గుతుందా అని. తగ్గలేదు, ఒప్పుకున్నాను. చంకలో చెయ్యి పెట్టి లాగితే భుజం పాడవుతుందా అన్నది వేరే ప్రశ్న. థెరపిస్టు చేయాల్సిన పనిని కుటుంబం నెత్తిన వేస్తే కుదరదని నేను అటెండ్ నుంచి నేర్చుకున్నాను. చేయకూడని నాలుగు పనులు చెప్పడానికి పరిశోధన కోసం ఎదురుచూడక్కర్లేదు.

తరగతి_గది
ఈ తేడా నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఒప్పుకుంటున్నాను.

సూళ్లూరుపేట_లోకల్
నేను రోగిని. వయసు 58, ఎడమ వైపు పక్షవాతం, ఏడాదిన్నర అయింది. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో చెన్నై వచ్చి చూపించుకుంటాను, అందుకే ఈ పేరు.

నా సందేహం ఇది. ప్రతిసారీ నా మోకాలు ఎంత వంగుతుందో, చేయి ఎంత లేస్తుందో కొలుస్తారు. సెంట్రల్ స్టేషన్ బయట రోడ్డు దాటగలనా లేదా అన్నది ఎవరూ కొలవలేదు. నాకు కావలసింది అదే. మధ్యలోకి వెళ్లేసరికి సిగ్నల్ మారిపోతుంది, బస్సులు కదులుతాయి, అప్పుడు ఎడమ కాలు నేలకు అతుక్కుపోతుంది.

గోనియోమీటర్
మీరు అడిగినదానికి కొలత ఉంది సర్, ఖర్చు కూడా లేదు. నేల మీద 10 మీటర్లు కొలిచి రెండు టేపు గీతలు వేసుకోవాలి. గీతకు కాస్త వెనక నుంచి నడక మొదలుపెట్టి, రెండో గీత దాటాక ఆగాలి. మధ్యలో పట్టిన సెకన్లు ఫోనులో చూసుకోవాలి. సెకనుకు 0.4 మీటర్ల కన్నా తక్కువైతే ఇంటికే పరిమితమైన నడక అని, 0.8 దాటితే బయట స్వేచ్ఛగా తిరగగలిగే నడక అని 1995 నుంచి వాడుకలో ఉన్న విభజన. 0.8 అంటే 10 మీటర్లకు 12.5 సెకన్లు.

సూళ్లూరుపేట_లోకల్
మా వీధిలో మనవడి చేత కొలిపించాను. 17 సెకన్లు వచ్చింది. మొదటిసారి 15 వచ్చింది కానీ అప్పుడు వెనక కుక్క ఉంది.

డబరా_గ్లాసు
కుక్క సహాయంతో నడక శిక్షణ మీద కోక్రేన్ సమీక్ష ఇంకా రాలేదు. మీ 15 సెకన్లను ప్రాథమిక ఫలితంగా నమోదు చేసుకుంటున్నాము.

అసలు విషయానికి వస్తాను. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. బలవంతపు వాడకం, అంటే మంచి చేతిని కట్టేసి పక్షవాతం వచ్చిన చేతినే వాడించే పద్ధతి గురించి ఎవరూ ఎత్తలేదు. 2006లో వచ్చిన ఎక్సైట్ పరిశోధనలో 222 మంది ఉన్నారు, పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలు అయినవాళ్లు. రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం మంచి చేతికి తొడుగు, పనిరోజుల్లో 6 గంటల దాకా సాధన. ఏడాది తరువాత కూడా మేలు నిలిచింది. ఆ 6 గంటలు చూసి మనవాళ్లు పుస్తకం మూసేస్తారు. నేను రోజుకు రెండు గంటలే, అదీ ఇంట్లో, మంచి చేతికి పాత సాక్సు తొడిగించి చేయిస్తాను. డబరాలోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం, పూలు దారానికి ఎక్కించడం, చెంబుతో తలమీద నీళ్లు పోసుకునే కదలిక, ఇలా వాళ్ల ఇంటి పనులే. నా పేరు వెనక కథ అదే.

పాతకాపు
డబరా గారూ, ఇది చదివి రేపు ఎవరో ఒకరు అసలు కదలని చేతి మీద సాక్సు ప్రయోగం చేస్తారు. మణికట్టు కనీసం 10 డిగ్రీలు పైకి లేవాలి, బొటనవేలు, మరో రెండు వేళ్లు కాస్తయినా తెరుచుకోవాలి. ఎక్సైట్‌లో చేర్చుకున్నదే అలాంటివారిని. ఆ మాట లేకుండా సాక్సు చెప్పకూడదు. ఉన్న ఒక్క మంచి చేయి కూడా కట్టేస్తే ఆ మనిషి ఏడుస్తాడు, నేను ఆ ఏడుపు చూశాను.

డబరా_గ్లాసు
తప్పు నాదే. ఇంకొకటి కలుపుతాను: నిలబడేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు సాక్సు తీసేయాలి. పడబోతే పట్టుకోవడానికి మంచి చేయి కావాలి.

గోనియోమీటర్
అసలు కదలని చేతికి అద్దం చికిత్స ఉంది. రెండు చేతుల మధ్య, మంచి చేయి వైపు తిరిగేలా అద్దం నిలబెట్టి, దాని ప్రతిబింబాన్ని చూస్తూ రెండు చేతులతోనూ ప్రయత్నించడం. ఇది మన ఊరికి దగ్గరి కథ కూడా. తెగిపోయిన చేతి నొప్పికి అద్దాన్ని వాడిన వి.ఎస్.రామచంద్రన్ ఇక్కడి స్టాన్లీ మెడికల్ కాలేజీలోనే వైద్యం చదివారు. పక్షవాతంలో దాన్ని వాడి 1999లో 9 మంది రోగులతో తొలి నివేదిక ఇచ్చారు. 2018 కోక్రేన్ సమీక్ష 62 అధ్యయనాలను కలిపి చూసి, మిగతా చికిత్సకు తోడుగా వాడితే మేలు ఉందని చెప్పింది. అద్దం పెట్టి, ఎలా చేయాలో ఒకసారి చూపిస్తే రోగి తనంతట తాను చేసుకోగలడు. 19 మంది ఉన్నవారికి అంతకన్నా ఏం కావాలి?

బిల్లింగ్_బల్ల
నేను ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో ఉన్నాను. మా ఆవిడ ఫిజియో కాబట్టి ఇక్కడ చదువుతుంటాను. మీరందరూ చెప్పనిది ఒకటి చెప్పాలి. మా సిస్టంలో స్టిమ్యులేషన్‌కు ఒక కోడ్, ఐఎఫ్‌టీకి (నొప్పికి పెట్టే కరెంటు) ఒక కోడ్, వ్యాక్స్‌కు (వేడి మైనం కాపడం) ఒక కోడ్ ఉన్నాయి. చింతపిక్కలకు కోడ్ లేదు. "వ్యాయామం" అని ఒకే ఒక వరుస ఉంది, దాని ధర అన్నిటికన్నా తక్కువ. నెలాఖరుకు ఏ థెరపిస్టు ఎంత తెచ్చారన్న కాగితం పైకి వెళ్తుంది. మెషీన్లు మానేసి చేతులతో చికిత్స చేసిన వ్యక్తి ఆ కాగితంలో సోమరిలా కనిపిస్తారు.

పెరంబూరు_ఫిజియో
మా హెడ్ నవ్వు వెనక ఉన్నది ఈ కాగితమేనని ఇప్పుడు అర్థమైంది.

ఇంటింటి_విజిట్
అయితే మెషీన్‌తో పోట్లాడకండి, దాన్ని పనిలోకి దించండి. పడుకున్న మనిషికి ప్యాడ్లు అతికించి వెళ్లిపోతే ఫలితం తక్కువ. మణికట్టును పైకి లేపే కండరాల మీద ప్యాడ్లు పెట్టి, కరెంటు వచ్చిన ప్రతిసారీ గ్లాసు వదలమనండి, ఆగినప్పుడు పట్టుకోమనండి. పనితో కలిపి ఇచ్చే స్టిమ్యులేషన్‌ను 2016 మార్గదర్శకం కూడా సమర్థించింది. బిల్లుకు కోడ్ దొరుకుతుంది, ఇంట్లోవాళ్లకు కరెంటు దొరుకుతుంది, చేతికి సాధన దొరుకుతుంది.

పాతకాపు
31 ఏళ్లలో ఇంత సుఖమైన మోసం వినలేదు. రేపే మొదలుపెడతాను.

పెరంబూరు బాబూ, నీకు నా సలహా ఒక్కటే. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. మీ హెడ్‌తో వాదించి గెలవాలని చూడకు. ఒక పని ఎంచుకుని ఆరు వారాలు చెయ్యి, కాగితం మీద రాయి. పుల్లీ సంగతి అంటావా, మా దగ్గర దాని తాడు 2011లో తెగింది. కొత్త తాడు కోసం నేను ఇండెంటు పెట్టలేదు. అంతే జరిగింది.

గోనియోమీటర్
అంటే మీరు పుల్లీ వాడడం 2011లోనే మానేశారా! మరి ఇంతసేపు నాతో వాదించింది దేనికి?

పాతకాపు
పుల్లీ గురించి నేను వాదించలేదు నాయనా. నువ్వే అనుకున్నావు.

పెరంబూరు_ఫిజియో
ఏడు వారాల తరువాత రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఒకే పని ఎంచుకున్నాను: చేతి సాధన ఎన్నిసార్లు జరిగిందో కేస్ షీటులో అంకె రాయడం. మొదటి వారం ఏమీ మార్చకుండా లెక్క మాత్రమే పెట్టాను. ఎనిమిది మంది రోగులకు సగటున సెషన్‌కు 21. ఆ 32 కన్నా తక్కువ వచ్చినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండో వారం నుంచి ఇద్దరేసి రోగులను ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఇద్దరి 20 నిమిషాలు కలిస్తే ఒక్కొక్కరికి 40 అయ్యాయి. చింతపిక్కలకు ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు ఒప్పుకోలేదు, కడగడానికి వీలైన ప్లాస్టిక్ మూతలు పెట్టుకున్నాము. లెక్కపెట్టే పని అటెండెంట్లకు అప్పగించాను. ఒక తమిళ పెద్దాయన, ఒక తెలుగు పెద్దాయన ఎదురెదురుగా కూర్చుని, భాష సరిగ్గా రాకపోయినా అంకెలతోనే పందెం వేసుకున్నారు. ఏడో వారానికి సగటు 84 వచ్చింది.

కుదరనివి కూడా రాయాలి. ఎడమ వైపు ఉందన్న ధ్యాసే లేని ముగ్గురికి ఈ పద్ధతి పనికిరాలేదు, వాళ్లను విడిగా చూడాల్సి వచ్చింది. ఆదివారం గడులన్నీ ఖాళీ. నేను సెలవు పెట్టిన నాలుగు రోజులూ ఖాళీ. అంటే ఇది డిపార్టుమెంటు పద్ధతి కాలేదు, ఇంకా నా పద్ధతిగానే ఉంది. చేయి మెరుగైందా అంటే, అందరికీ ముందూ వెనకా సరైన కొలత తీసుకోలేదు కాబట్టి ఆ మాట అనలేను. హెడ్ మాత్రం షీటు అడిగి తీసుకుని, స్టిమ్యులేటర్ కోడ్ ఎలా పడిందని అడిగారు. పడిందని చెప్పాను. ఇంకేమీ అనలేదు.

పుల్లీ గోడమీదే ఉంది. తాడు చాలా గట్టిది.

తరగతి_గది
21 నుంచి 84 చూసి గర్వపడండి, కానీ అది అక్కడే నిలవకపోతే కుంగిపోకండి. లెక్క చూపించి పని మార్చే పద్ధతుల మీద 2012లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో, ఆశించిన విధంగా పనిచేయడంలో వచ్చిన పెరుగుదల మధ్యస్థంగా 4.3 శాతం మాత్రమే. మొదట్లో బాగా తక్కువగా ఉన్నచోట, పైవారు లేదా తోటివారు చూపించినచోట, మాటతో పాటు రాతలోనూ ఇచ్చినచోట ఎక్కువ మార్పు కనిపించింది. మీ హెడ్ షీటు అడిగి తీసుకున్నారన్నారు కదా. వచ్చే నెల దాన్ని ఆయన చేతనే మీటింగులో చదివించండి.

నాన్న_కూతురు
మీ 16 బొమ్మల కాగితం ఏమైంది?

పెరంబూరు_ఫిజియో
దాని జోలికి ఇంకా వెళ్లలేదు. నిజం చెప్పాలంటే మరిచిపోయాను.

నాన్న_కూతురు
ఇంటింటి_విజిట్ మేడమ్ చెప్పిన "చేయకూడని నాలుగు పనులు" ఏమిటో ఇక్కడ రాస్తే, నేను తెలుగులో నా గొంతుతో రికార్డు చేసి పంపుతాను. చదవలేనివారు కూడా ఫోనులో వినగలరు. తమిళంలో చెప్పడానికి మా ఆఫీసులో ఒకావిడ ఒప్పుకుంది.

ఇంటింటి_విజిట్
రాసుకోండి. చంకలో చెయ్యి పెట్టి లాగకూడదు, చచ్చుబడిన చేతిని పట్టుకుని లేపకూడదు. నడుముకు బెల్టు గానీ తువ్వాలు గానీ కట్టి దాన్ని పట్టుకోవాలి. కూర్చున్నప్పుడు ఆ చేతిని కిందికి వేలాడనివ్వకూడదు, ఒళ్లో దిండు పెట్టి ఆనించాలి. ఆ భుజం మీద బరువు పడేలా పడుకోబెట్టి వదిలేయకూడదు. నాలుగోది, నొప్పి అంటుంటే బలవంతంగా చేయి పైకెత్తి "వ్యాయామం" చేయించకూడదు. సాయంత్రం నాకు ఫోను చేయండి, రికార్డు చేసే ముందు ఒకసారి చదివి వినిపించండి.

సూళ్లూరుపేట_లోకల్
14 సెకన్లు. ఈసారి కుక్క లేదు.